తుంచిన కొనలు

నా చిన్నప్పుడు ‘చేతివాసి’ అన్న మాట వినపడితే నాకు ఒళ్ళు మండేది. మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ మా చెల్లెలి గురించే వచ్చేది. అది చల్లిన మెంతులు గుబురుగా లేచేవి. అది తోడు పెట్టిన పెరుగు గడ్డగా పేరుకునేది. నాకంటే రెండేళ్ళు చిన్నది. చదువులో నేనే ముందు, పరుగులో నేనే ముందు. అయినా మా నాన్న సాయంత్రం బడి నుంచి రాగానే పెరట్లోకి నడిచేది దాని వేలు పట్టుకునే.

మా నాన్న ఆదోనిలో బడిపంతులు. నాకు పదకొండేళ్ళున్న ఏడు ఏదో పని మీద బెంగుళూరు వెళ్ళి పూల గింజల పొట్లం ఒకటి తెచ్చాడు. పొట్లం మీద సీతాకోకచిలుకలు వాలినట్టున్న ఊదా, గులాబి పూల బొమ్మ. వీటిని స్వీట్ పీ అంటారనీ, బఠాణీలా కనిపించినా గింజలు తినకూడదనీ, పూలను కాడలతో కోసి గ్లాసు నీళ్ళలో పెడితే గదంతా గుబాళిస్తుందనీ చెప్పాడు. మాకు పూలంటే దేవుడికి, లేదంటే జడలోకి. గ్లాసులో పెట్టడానికి పూలు పెంచడం వింతగా తోచింది. దీపావళి వెళ్ళిన వారానికి గింజలు తలా ఎనిమిది పంచాడు. ఎవరి తీగలు బాగా పూస్తే వాళ్ళు జనవరిలో జెండా పండగకు వచ్చే పెద్దమనిషికి పూలగుత్తి ఇవ్వాలన్నాడు. బడి అంతా చూస్తుండగా, నాన్న పక్కన నిలబడి. నాకు ఆ పూలగుత్తి కావాలి. అంతకంటే, అది చెల్లెలికి దక్కకూడదు.

గింజల పెంకు గట్టిది, రాయికి కొంచెం గీకి రాత్రంతా నానబెట్టమన్నాడు నాన్న. చెల్లెలు ఒక్కో గింజనూ గడపరాయికి ఓపిగ్గా గీకింది. నేను రెండు గీకి, మిగిలినవి అట్లాగే నీళ్ళలో పడేశాను. దానివి ఎనిమిదీ మొలిచాయి. నావి మూడు. తీగలు పాకడానికి నాన్న పత్తికట్టెలు నాటుతూ, “దాని చేతివాసే వేరు” అన్నాడు. నా బద్ధకం నాకు గుర్తు రాలేదు. మంచి గింజలన్నీ దానికే ఇచ్చాడనుకున్నాను. ఆ రోజు నుంచీ పొద్దున లేవగానే దాని మొక్కల దగ్గరికే వెళ్ళేవాణ్ణి, ఒకటన్నా వాడిపోయిందేమోనని.

ఒక్కటీ వాడలేదు. జానెడు ఎత్తు పెరిగి, నులితీగలు చాచి, కట్టెలను పట్టుకోబోతున్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే వెళ్ళి, ఎనిమిది మొక్కల కొనలూ గోటితో తుంచేశాను. చివరి మొక్క దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. దాన్నీ వదల్లేదు. కొనలను గోడ అవతల పారేశాను.

సాయంత్రం చెల్లెలి ఏడుపుకు పక్కింటి అవ్వ వచ్చింది. అవ్వ ఆస్పరి దిక్కున శనగ చేలకు కూలికి పోయేది. కూరకు శనగాకు తెచ్చి మాకూ ఒక పిడికెడు ఇచ్చేది. ఏళ్ళ తరబడి ఆ చిగుళ్ళు తుంచీ తుంచీ, ఆకు పులుపుకు ఆమె వేళ్ళు పగిలి, గోళ్ళు మొదళ్ళ దాకా అరిగిపోయి ఉండేవి. మేక దూరిందేమోనని నాన్న అంటుంటే, అవ్వ వంగి ఒక మొక్కను చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

“మేక గాదు సారూ, నేనే తుంచినా. దినమంతా తుంచే సెయ్యి, ఊరికుంటాదా?” అంది.

నాన్నకు కోపం వచ్చింది. పిల్లల మొక్కలను అడగకుండా ఎందుకు ముట్టుకున్నావని గట్టిగానే అన్నాడు. అవ్వ తల వంచుకుని అంతా పడింది. చెల్లెలి కళ్ళు కొంగుతో తుడుస్తూ, “ఏడ్సొద్దు పాపా. శనగ సేన్లో కొన తుంచితే సెట్టు సస్తాదా? ఒక కొన పోతే నాలుగొస్తాయి. సూస్తాండు” అంది. ఆ తర్వాత చాలా రోజులు నాన్న ఆమెను పలకరించలేదు. శనగాకు తెచ్చినా అమ్మ వద్దని తిప్పి పంపింది. నేను నోరు విప్పి ఉంటే ఒక్క మాటతో తీరిపోయేది. విప్పలేదు.

రెండు రోజుల తర్వాత అవ్వ గోడ మీదుగా నన్ను పిలిచింది. “ఏమప్పా, నీ మూడిట్కీ తుంచుకోరాదూ? లేతగా ఉన్నప్పుడే తుంచాల.” ఆమెకు తెలుసని అప్పుడు రూఢి అయింది. అయినా తుంచలేదు. పెరట్లో ఇప్పుడు నా మొక్కలే పొడుగు కదా!

నెల తిరిగేసరికి చెల్లెలి మొక్కల్లో ప్రతి ఆకు మొదట్లోనూ కొత్త కొమ్మ వచ్చింది. పత్తికట్టెలు కనపడనంత గుబురు. నావి మూడూ ఒంటి పుల్లల్లా పైకి పోయాయి. పూలు రాగానే చెల్లెలు రోజూ కోసి వీధిలో ప్రతి ఇంటికీ ఇచ్చేది. కోసేకొద్దీ మళ్ళీ పూసేవి. నా పూలను నేను ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, జెండా పండగకని దాచుకున్నాను. అవి తీగ మీదే కాయలైపోయాయి, ఆపైన మొగ్గ లేదు.

జెండా పండగ పొద్దున చెల్లెలు రెండు చేతులా పట్టనన్ని పూలు కోసింది. అవ్వకు కొన్ని ఇచ్చి వచ్చి, మిగిలినవాటిలో సగం నా చేతిలో పెట్టి, “ఇద్దరం ఇస్తాం పద అన్నా” అంది. బడిలో అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ పూల వాసనకు నాకు ఊపిరాడలేదు.

మా నాన్న పోయాడు, అవ్వా పోయింది. చెల్లెలు ఎమ్మిగనూరులో ఉంటుంది, ఏటా దీపావళి తర్వాత మిద్దె మీద తొట్లలో ఆ గింజలే వేస్తుంది. పోయినేడు వెళ్ళినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొనలు తుంచుతోంది. ఇంక ఆగలేక, ఆ ఆదివారం తుంచింది నేనేనని చెప్పాను. అది తల ఎత్తలేదు.

“నాకా పొద్దే తెల్సన్నా. గోటి గుర్తులు కనపడ్లేదా నాకు? అవ్వకు తుంచేకి గోళ్ళు యాడుండాయి?” అంది.

సగం పూలు నా చేతిలో పెట్టిన నాటికే దానికి తెలుసు. తొమ్మిదేళ్ళ పిల్లకు. తెలియక ఇచ్చిందనుకుని ఇన్నేళ్ళూ దాన్ని అమాయకురాలంటూ వచ్చాను. ఇప్పుడు నా ఇంట్లోనూ అది ఇచ్చిన గింజలున్నాయి. కొన తుంచినప్పుడల్లా గోటికి పచ్చ మరక అంటుతుంది. చేతివాసి అన్న మాటకు ఒళ్ళు మండడం మానేసింది. దేన్ని చేతివాసి అంటారో, చెల్లెలి చేతి నుంచి పూలు అందుకున్న నాకు తెలుసు.