రెక్క కోసిన చేప

"చేపలు పుష్కలంగా ఉన్నాయి" అన్న ఆ రిపోర్టు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. ఆ సర్వేలో నేనూ జీతానికి పనిచేశాను.

పెదబయలు అవతల కొండల్లో పారే గెడ్డ అది. అందులో ఉండే పెద్ద పొలుసుల చేప ఇప్పుడు దాదాపు కనబడటం లేదు. పైన ఆనకట్ట కట్టి, గెడ్డ నీళ్లను గొట్టాల్లోకి మళ్లించి కరెంటు తీస్తామని ఒక కంపెనీ వచ్చింది. చేప నిజంగా కొద్దిగానే మిగిలిందని తేలితే ఆ పని ఆగిపోతుంది. అది తేల్చమనే మమ్మల్ని పంపారు.

పద్ధతి తేలికే. చేపను పట్టి, రెక్క చివర చిన్న ముక్క కత్తిరించి వదిలేస్తాం. తర్వాత ఊళ్లోవాళ్ల వలల్లో పడేవాటిలో రెక్క కోసినవి ఎన్నో చూస్తాం. బస్తా చోడ్లలో, అదే రాగుల్లో, గుప్పెడు కందులు కలిపాక, చేయి పెట్టి తీస్తే ఒక్క కందిగింజా రాలేదంటే బస్తా చాలా పెద్దదన్నమాట. మా లెక్కా అంతే. ఎందుకు కోస్తున్నామో ఊళ్లో చెప్పొద్దని మా సారు గట్టిగా చెప్పారు. చెబితే లెక్క చెడిపోతుందట.

వలలు ఒడ్డుకు రాగానే ఎదురెళ్లి చూసేవాళ్లం. రెక్క కోసిన చేప ఒక్కటీ రాలేదు. సారు మొహం చేటంతయింది. లెక్క ఆకాశాన్నంటింది.

నాకు నమ్మకం కుదరక, రోజూ వలేసే ఒకామెను అడిగాను.

"ఎందుకు పడవూ? పడతన్నాయి. నీళ్లలోనే ఒదిలేత్తన్నాం" అంది.

"ఏటీ, వదిలేత్తన్నారా? ఎందుకూ?"

"మీరు కోసి ఒదిలినారు కదమ్మా. అమ్మోరికి మొక్కినవి మేం ముడతామేటి?"

అక్కడ కోడినో మేకనో అమ్మవారికి మొక్కుకుంటే, చెవి కొసో గోరు కొసో కోసి వదిలేస్తారు. ఇక దాన్ని ఎవరూ పట్టరు, ఊసు కూడా ఎత్తరు. మేమూ మొక్కుకున్నామనుకున్నారు పాపం.

పరుగున వెళ్లి సారుకు చెప్పాను. లెక్క తప్పు, మళ్లీ చేద్దామన్నాను. ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"ఇలాంటివి రాస్తే నవ్వుతారమ్మా. అయినా రిపోర్టు వెళ్లిపోయింది."

నవ్వుతారట! చేతికొచ్చిన కూరను అమ్మవారిదని వదులుకున్నవాళ్లను చూసి నవ్వుతారట. తప్పని తెలిసీ నోరు మూసుకున్న పెద్దమనిషిని చూసి మాత్రం ఎవరూ నవ్వరు. పై ఆఫీసులకూ వెళ్లి మొత్తుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఈ వేసవిలో వెళ్తే పైన ఆనకట్ట లేచి ఉంది, కింద గెడ్డలో రాళ్లు తేలి ఉన్నాయి. ఆ వలేసే ఆమే నన్ను ఒక మడుగు దగ్గరికి తీసుకెళ్లింది. మోకాలి లోతు కూడా లేని బురద నీళ్లలో రెక్క కోసిన చేపలు కొట్టుకుంటున్నాయి. చేత్తో పట్టేంత దగ్గరగా ఉన్నా ఎవరూ ముట్టలేదు.

"అమ్మోరికిచ్చింది మీరే కదమ్మా. మళ్లీ అమ్మోరి నీళ్లు మీరే ఎత్తుకుపోతన్నారేటి?" అంది.