గాజు బీరువాలో రాణి కిరీటం

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఊరి చరిత్ర రాసే పని నాకు అంటగట్టారు. దేవరకొండ దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పే పంతుల్ని, నాకు తెలియని చరిత్ర ఉంటుందా! పాడుబడ్డ దొర గడీ దులుపుతుంటే ఇనప్పెట్టెలో చిన్న కిరీటం దొరికింది. బంగారు పూత పోయిన ఇత్తడి రేకు, అద్దం బిళ్లలు, లోపల ఎర్ర మఖమల్. మగవాళ్ల తలకు పట్టదు కాబట్టి రాణిదన్నాను. రాణి అంటే దేవరకొండ ఖిల్లా రాణే అన్నాను. ఎవరూ అడ్డుచెప్పలేదు.

కిరీటాన్ని బళ్లో గాజు బీరువాలో పెట్టారు. కింద బోర్డు మీద నా పేరు రాయించి, శాలువా కప్పి, తాళంచెవి నా చేతికిచ్చారు. ఏటా పిల్లలు నా కట్టుకథను గడగడా అప్పజెబితే మార్కులు వేశాను.

పోయిన ఎండాకాలం ఒక ముసలమ్మ వచ్చింది. భాగోతం ఆడే ఇంటి బిడ్డనంది. అద్దానికి ముఖం ఆనించి చూసింది.

"గిది మా బాపుది సారూ. రాజు యేషం కట్టెటోడు."

"రాణిదమ్మా. మగవాళ్లకు పట్టదు."

"మా బాపు తలకాయే చిన్నది," అని నవ్వింది. "మఖమల్ కింద జూడు. రేకు గుచ్చుకుంటాందని మా అవ్వ తన నీలం రైక గుడ్డ కుట్టింది."

గడీ ముందు ఆట జరుగుతుంటే దొర వచ్చాడట. అందరూ లేచారు, వాళ్ల బాపు లేవలేదు.

"కిరీటం పెట్టుకున్నంక రాజే గద సారూ. రాజు దొరకు దండం పెడ్తడా? దొర గుంజుకున్నడు. బాపు మల్ల యేషం కట్టలే." అద్దం మీద చెయ్యి వేసి అడిగింది. "ఒక్కసారి చేతికియ్యి. కండ్లకద్దుకొని ఇస్త."

తాళంచెవి నా జేబులోనే ఉంది. "పెద్దసారు దగ్గరుందమ్మా, ఆయన ఊళ్లో లేడు," అన్నాను.

ఆమె వెళ్లాక బీరువా తీసి మఖమల్ ఎత్తి చూశాను. నీలం గుడ్డ, చేతికుట్టు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నిజం చెబితే ఊరి పరువు పోతుందని నాకు నేను చెప్పుకుంటాను గానీ, పోయేది నా పరువే. భయం, సిగ్గు రెండూ కలిసి నన్ను ఆ బీరువా దగ్గరే కట్టేశాయి. బోర్డు ఇప్పటికీ మార్చలేదు.

ఆ రోజు పోతూ పోతూ ఆమె వంగి నాకు దండం పెట్టింది. వాళ్ల బాపు దొరకు పెట్టని దండం.