ఎర్రముల్లు వాచీతో పర్చూరు నుంచి పేటకి

మా పెదనాన్న వాచీ డూప్లికేటని అన్నది నేనే. గుంటూరులో ఇంటర్నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలిచ్చి వెతికితే అలాంటి వాచీయే ఫోటోలో దొరికింది. పక్క బటన్ నొక్కితే పొడవాటి ముల్లు ఒకటి పరిగెత్తి, మళ్ళీ నొక్కితే ఆగే పాతకాలపు స్విస్ క్రోనోగ్రాఫ్. ఫోటోలో ఆ ముల్లు నీలం, పెదనాన్నది ఎరుపు. పర్చూరు వెళ్ళినప్పుడు పదిమందిలో ఆ మాట అనేశాను. రిటైరైన డ్రిల్లు మాస్టారైన పెదనాన్నే ఇరవయ్యారేళ్ళుగా ఎడ్ల బండలాగుడు పందేలకు టైము చూస్తున్నారు. సాయంత్రానికల్లా ఊళ్ళో "దొంగవాచీతోనా ఇన్నాళ్ళూ గెలుపోటములు తేల్చింది?" అనే మాట పుట్టింది. ఆయన వాచీ తీసి బల్లమీద పెట్టి, ఎల్లుండి పందేనికి రానని కబురు పంపేశారు. చిలకలూరిపేట తీసుకెళ్ళి చూపిస్తానంటే, వాచీ నావైపు జరిపారు.

మర్నాడు ఏడున్నర బస్సు ఎక్కాను. టిక్కెట్టు పన్నెండు రూపాయలు, గంట ప్రయాణం. మిరపకాయల కాలం కదా, బస్తాల లారీ ఎదురైనప్పుడల్లా బస్సంతా తుమ్ములే. "ఏమ్మా, ఆ గుప్పిలి ఇప్పితేగా చిల్లర బయటికొచ్చేది!" అన్నాడు కండక్టరు. వాచీని అంత గట్టిగా పట్టుకున్నానని అప్పుడు తెలిసింది.

బస్టాండు వెనక సందులో వాచీలు బాగుచేసే కోటయ్యగారి కొట్టు బీరువా అంత ఉంటుంది. జిన్నింగు మిల్లుల దూది లోపలికి రాకుండా గుమ్మానికి తడిబట్ట కట్టుకున్నారు. ఆయన నన్ను కాదు, వాచీని గుర్తుపట్టారు.

"ఇది మాస్టారిది కదూ? ఆయనకేమైంది?"

"బాగానే ఉన్నారండి. ఇది డూప్లికేటని..."

"ఎవరమ్మా, ఆ మాటన్న మహానుభావుడు?"

"నేనేనండి."

ఆయన నవ్వి, భూతద్దం నా చేతికిచ్చారు. "మళ్ళీ రంగేసిన డయలయితే అక్షరాల అంచులు ముద్దకడతయ్. ఇవి సూదితో గీసినట్టు లేవూ? అంకెల మీద చీకట్లో వెలిగే రంగూ, ముళ్ళ మీదదీ ఒకేలా మాగింది చూడు. మొహం, ముళ్ళు, లోపలి మెషిను, అన్నీ ఒక్క ఈడువే."

"మరి ఆ ఎర్రముల్లు?"

"ఆ రంగు నేనేసిందేగా! ఎండలో నీలం ముల్లు రైతులకి ఆనేది కాదు. 'నాకొక్కడికి కనపడితే చాలదు కోటయ్యా, నా భుజమ్మీంచి తొంగిచూసేవాడిక్కూడా కనపడాల' అన్నాడు మీ పెదనాన్న."

వెనక మూత లోపలివైపు సన్నటి గీతలు చూపించారు. విప్పినప్పుడల్లా పెట్టే గుర్తులట. మిగతా వాచీలకు రెండో మూడో ఉంటాయి. దీనికి ఏటా పందేల ముందు ఒకటి చొప్పున ఇరవయ్యారు. తర్వాత గోడగడియారంతో పోల్చి పది నిమిషాలు ముల్లు నడిపించారు. లారీల హారన్ల మధ్య ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. వెంట్రుకంత తేడా కూడా రాలేదు. ఇరవయ్యేడో గీత పెట్టి యాభై రూపాయలు తీసుకున్నారు.

పన్నెండింటి బస్సుకి తిరిగొచ్చాను. పెదనాన్న అడిగింది ఒక్కటే: "పది నిమిషాలకి తేడా ఎంత?"

"ఏమీ లేదు. ఎర్రముల్లు సంగతి ముందే చెప్పొచ్చుగా, పెదనాన్నా?"

"అడిగితే చెప్పేవాణ్ణి. నువ్వు అడగలా. తీర్పు చెప్పావు."

మర్నాడు పెదనాన్న వాచీ కట్టుకుని పందేనికి వచ్చారు. అక్కడ నేనే మైకు తీసుకుని, పొరపాటు నాదని చెప్పాను. "సర్లేమ్మా, ముందు టైము మొదలెట్టించు, ఎడ్లు ఎండిపోతున్నయ్!" అని వెనక నుంచి ఒక కేక. పెదనాన్న బటన్ నొక్కి, అందరికీ కనిపించేలా మణికట్టు బయటికి తిప్పారు. ఎడ్ల ఆసాములు ఇద్దరు ఆయన భుజాల మీదుగా తొంగిచూశారు.

ఆ రంగు వల్ల సేకరించేవాళ్ళ దగ్గర ఈ వాచీ విలువ తగ్గుతుందేమో. నాకు మాత్రం అందులో అన్నిటికంటే అసలైనది ఆ ముల్లే. మీరూ పాత వాచీ చూపించడానికి పేట వెళితే పొద్దున తొమ్మిదికల్లా చేరండి. గాలి లేచి దూది ఎగరడం మొదలైతే కోటయ్యగారు ఏ వాచీ మూతా తీయరు. అయితే బస్సెక్కేముందు, దాన్ని ఇన్నాళ్ళూ పెట్టుకున్న మనిషిని ఒక్కమాట అడిగి వెళ్ళండి.