నీలం కొమ్ములు

మా అత్తకు అనుమానం పుట్టడానికి కారణం అక్కరలేదు. కోడలు నవ్వితే ఎందుకు నవ్విందో, నవ్వకపోతే పుట్టింటివాళ్లు ఏం నూరిపోసి పంపారో అనుకునేది. నాగలమడికకు అవతల ఉన్న ఆ ఊరికి నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడాదే వానలు మొహం చాటేశాయి. వేరుశనగ వేద్దామని దున్నిన చేను దున్నినట్టే ఎండిపోయింది. ఇంట్లో మిగిలిందల్లా ఒక ఎద్దుల జత. మేపలేక సంతకు తోలుకుపోయినవాళ్లు ఊళ్లో సగం మంది. మన జతను మాత్రం అమ్మేది లేదని మామ పట్టుపట్టి కూర్చున్నాడు.

ఏరువాక పున్నమికి మా అన్న పుట్టింటి నుంచి రెండు రంగు డబ్బాలు పట్టుకొచ్చాడు. మండల పంచాయతీ ఎలక్షన్లలో వాళ్ల పార్టీ కోసం గోడల మీద రాతలు రాసేవాడు. అందులో మిగిలిన ఆయిల్ పెయింటు అది. ఎద్దులను కడిగి, కొమ్ములకు నీలం పూసి, కొనల దగ్గర తెల్ల పట్టీలు వేసి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాడు. పండగ పూట కదా, మేమూ మురిసిపోయాం.

అన్న వెళ్లిన మర్నాడు ఊళ్లోకి వరిగడ్డి లారీ వచ్చింది. తాలూకాఫీసు వాళ్లు పంపిన కరువు గడ్డి. దాన్ని దించింది మాత్రం ఎదుటి పార్టీ లీడరు కళ్లంలో. ఎద్దులను తోలుకొచ్చి చూపించినవాళ్లకే గడ్డి అని ఆయన దండోరా వేయించాడు. నీలం మీద తెల్ల పట్టీ అంటే అన్న పార్టీ జెండానే. అప్పుడు అత్త కొమ్ముల వంక చూసి గుండెలు బాదుకుంది.

"మీ యన్న కావాలనే పూసినాడు మే. మా కొంపకు వాళ్ల జెండా కట్టి పోయినాడు."

"పండగని పూసినాడు లేత్తా. మిగిలిన రంగు పారేసేదెందుకని తెచ్చినాడు."

"మిగిలిందంట! ఈ కరువులో ఎవురింట్లో ఏం మిగిల్తా ఉండాది?"

నాకు ఒళ్లు మండింది. కానీ అన్న వెనక్కి జరిగి చూసుకున్న తీరు గుర్తొచ్చి, పైకి ఒప్పుకోకపోయినా నాకూ అనుమానం మొదలైంది.

గీకేద్దామని అత్త కొడవలి తెచ్చింది. మామ లాక్కున్నాడు. కొమ్ము పైకి ఎండుకట్టెలా కనిపిస్తుంది గానీ లోపల నెత్తురు ఉంటుంది. మొదలు దగ్గర పైపొర మరీ పలచన. అక్కడ కొడవలి జారితే పుండే, ఆ పుండుకు పురుగే. కిరసనాయిలు పెడదామన్నాను నేను. అది కారి కంట్లో పడితే ఎద్దు కన్ను పోతుందని మామ కసిరాడు. చివరికి మిగిలింది వేరుశనగ నూనె. పోపుకు కూడా చుక్క చుక్కగా వాడే రోజులవి. సీసా నా చేతికిచ్చి, ఎంత ఒంపుతానో అని అత్త నా పక్కనే నిలబడింది.

గోరువెచ్చని నూనెలో పాత చీర పేలికలు ముంచి కొమ్ములకు చుట్టి, పొద్దు వాలేదాకా వదిలేశాం. ఎద్దు కళ్లకు నేను గుడ్డ అడ్డం పట్టుకుంటే, మామ వెదురు పేడుతో మొదలు నుంచి కొనవైపుకు మెల్లగా తోశాడు. మెత్తబడిన నీలం పొరలు పొరలుగా లేచింది. సందుల్లో ఇరుక్కున్నదాన్ని కొబ్బరిపీచుతో రుద్ది, కుంకుడు రసంతో కడిగాం. ఒక్క గీత కూడా పడలేదు. నూనె మెరుపు మాత్రం పూర్తిగా పోలేదు. ఇంకోసారి కడుగుదామంటే ఎద్దులు తాగడానికే నీళ్లు చాలవు.

మర్నాడు కళ్లానికి మామ వెంట నేనూ వెళ్లాను. లీడరు ఎద్దు కొమ్మును అరచేత్తో నిమిరి, చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం పెద్దాయనా, శనక్కాయ నూనె వాసనొస్తా ఉండాది?"

మామ పగ్గం వెనక్కి లాగబోయాడు. లీడరు కొమ్ము వదల్లేదు.

"మా ఇండ్లల్లో కూరకే నూనె లేదు. కొమ్ములకు పూసేంత ఉన్నోళ్లకు సర్కారు గడ్డి ఏటికప్పా? పక్కకు తోలుకో, లేనోళ్లు నిలబడుకొని ఉండారు."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. రంగు ఉంటే రంగు అనేవాడు, లేకపోయేసరికి నూనె అన్నాడు.

వారం తిరక్కుండానే ఎద్దులు పావగడ సంతకు పోయాయి. మామ పగ్గాలు భుజాన వేసుకుని ఒక్కడే నడిచి వచ్చాడు. మా అన్నను ఇక గడప తొక్కనివ్వనని అత్త తేల్చి చెప్పింది.

తర్వాత పుట్టింటికి వెళ్లినప్పుడు అన్నను నిలదీశాను.

"నిజం చెప్పన్నా, తెలిసే పూసినావా?"

అన్న తల వంచుకున్నాడు.

"తెలిసే పూసినా పాపా. మీ ఊరి గడ్డి లారీ మా లీడరు చేతికే వస్తాదని చెప్పిరి. ఆ కొమ్ములు చూస్తే, ఈళ్లు మనోళ్లే అని మీకు మొదట ఇస్తాడనుకొంటి."

ఆ మాట అత్తకు చెప్పలేదు. చెప్పి ఉంటే, తెలిసే పూశాడన్న మొదటి సగానికే "చూసినావా, నేను ముందే అనలా?" అనేది. మిగతా సగం వినేది కాదు.