నాగప్ప కోసం రెండో రెగ్యులేటరు

ఎండాకాలంలో అనంతపురం జిల్లాలో మనిషి మునిగేంత నీళ్ల కోసం బస్సెక్కినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో. ఏం చేస్తాం, పనే అలాంటిది. ఎనభైల మొదట్లో నేనూ, నాగప్పా ఒక డ్యాములో మునిగి గేట్లు చూసేవాళ్లం. వీపున గాలి సిలిండరు, నోట్లో దాని గాలినందించే రెగ్యులేటరు. ఒకసారి అడుగున నాగప్ప రెగ్యులేటరు మొరాయించింది. నాదొక్కటే ఆసరాగా ఇద్దరం బయటపడ్డాం. మరునాడే అతను పని మానేసి, గుంతకల్లులో బావమరిది టీకొట్టులో చేరిపోయాడు.

ఒకే సిలిండరుకు రెండో రెగ్యులేటరు తగిలిస్తే ఆపదలో తోటివాడికి పనికొస్తుంది. అది చూపిస్తే నాగప్ప తిరిగొస్తాడని నా ఆశ. అతను లేని నీళ్లలో ఒంటరిగా దిగాలంటే ప్రాణం ఉసూరుమనేది. ఈ సామాను అమ్మే మద్రాసు అంగడాయన పాత రెగ్యులేటర్లు రెండు పంపి, నచ్చింది ఉంచుకోమన్నాడు. నీళ్లలో చూడందే ఎలా నమ్మడం? డ్యాము అడుగంటింది, మా బావుల్లో బురద కూడా లేదు. కణేకల్ కాలవ కింద బావుల్లో ఇంకా లోతు నీళ్లున్నాయని విని, పొద్దున్నే అనంతపురంలో ఉరవకొండ బస్సెక్కాను.

సిలిండరును టాపు మీద వేయమన్నాడు కండక్టరు. ఎండకు కాగుతుంది, వేయనన్నాను. లోపలేముందంటే గాలి అన్నాను. "ఏమప్పా, గాలికి కూడా టికెట్టు కొట్టే కాలమొచ్చెనే" అని నిజంగానే లగేజీ టికెట్టు కొట్టాడు. బస్సంతా నవ్వింది. ఉరవకొండలో బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ బాగుంటాయి. తినేసి బస్సు మారండి, తర్వాత దారిలో నీడ కూడా దొరకదు.

కణేకల్‌లో దిగి ఎద్దులబండి మీద రామక్క అనే రైతు తోటకు చేరాను. నా సరంజామా చూసి ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. తాడు పట్టేవాడు ఏడని మాత్రం అడిగింది. ఇది ఉంటే తాడక్కర్లేదన్నాను.

"మా బావిలో తాడు లేకుండా ఎవురినీ దించమప్పా. పైన ఒగరు పట్టుకోనుండాల."

ఒక కొస నా నడుముకు కట్టి, రెండోది తన నడుముకు చుట్టుకుంది. పూడిక తీసేవాళ్ల పద్ధతి అదేనట.

బావి అడుగున, ఆ రెండింటిలో మెరిసేదాన్ని ముందు నోట పెట్టి చూశాను. గాలి హాయిగా వచ్చింది గానీ, వెల్లకిలా తిరిగితే ప్రతి ఊపిరికీ నీళ్లు. భయంలో ఉన్నవాడు నిటారుగా ఉంటాడా! రెండోది మెరుగుపోయిన ఇత్తడిది. కొంచెం గట్టిగా పీల్చాలి, కానీ తలకిందులైనా చుక్క నీరు రానివ్వలేదు. నోట్లోంచి వదిలేసినా గాలి వృథాగా పోలేదు. ఇదే నాగప్పకు అనుకున్నాను. పైనుంచి రామక్క తాడు గుంజినప్పుడల్లా బదులు గుంజాను. చాలా రోజుల తర్వాత నీళ్లలో దిగులనిపించలేదు.

మధ్యాహ్నం బస్సుకు గుంతకల్లు వెళ్లాను. నాగప్ప టీ ఇచ్చి, ఇత్తడిదాన్ని తువ్వాలుతో తుడిచి నోట పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు పీల్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"బాగుండాదన్నా. నేను మాత్రం రాను" అన్నాడు.

ఇంకా భయం దేనికని అడిగాను.

"ఆ పొద్దు నీ నోట్లోది గుంజుకున్నాను. నువ్వు చెయ్యి సాపినావు. నేను తిరిగియ్యలేదు. ఇది అప్పుడే ఉండింటే, నేనట్లాంటోడినని నాకు తెలిసుండేది కాదు."

నిజమే, ఆ రోజు నేను ఊపిరి బిగబట్టే పైకొచ్చాను. ఎవరితోనూ అనలేదు, అతనితో కూడా. నాకు కోపం లేదని చెప్పాను. ఒక్కసారైనా తిట్టింటే వచ్చేవాణ్ణేమో అంటూ గ్లాసులు కడగడానికి వెళ్లిపోయాడు.

సాయంత్రం అనంతపురం ప్యాసింజరెక్కాను. వెళ్లాలనుకునేవాళ్లకు చెబుతున్నా, కణేకల్ దారి కష్టమేమీ కాదు, మనుషులు మంచివాళ్లు, రానూపోనూ ఒక పగలు చాలు. నాకు మాత్రం దారి పొడుగునా ఏడుపొచ్చింది. ఒక స్టేషనులో మూటతో ఎక్కిన ముసలాయన, పక్కన సిలిండరు పెట్టిన చోటు చూపించి, ఈడ ఎవరన్నా ఉండారా అని అడిగాడు. దాన్ని ఒళ్లోకి తీసుకుని, ఎవరూ లేరు కూర్చోమన్నాను.