సరంగు భార్య చూసిన దీవులు

పడవ నడిపే సరంగు ఇరవై రెండేళ్లుగా రోజుకు ఎనిమిది మందిని ఎక్కించుకుని, మూడు దీవులు చూపించి, సాయంత్రానికి ఒడ్డుకు చేర్చేవాడు. భార్యను మాత్రం ఒక్కసారీ తీసుకెళ్లలేదు. అడిగినప్పుడల్లా, "సీట్లన్నీ నిండిపోయాయే, వచ్చే వారం చూద్దాం" అనేవాడు. ఆమె మూత్రపిండాలు రెండూ పాడయ్యాయని డాక్టరు చెప్పిన మర్నాడే ఆమెను పడవలో తన పక్కన దిండు వేసి కూర్చోబెట్టుకున్నాడు.

పడవ రేవు దాటిందో లేదో ఆమెకు కడుపులో తిప్పడం మొదలైంది. మొదటి దీవి వచ్చేసరికి బకెట్టు మీద వాలిపోయింది. మిగతావాళ్లు దిగి ఫొటోలు తీసుకుంటుంటే అతను ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"వెనక్కి తిప్పేయనా?"

"వద్దండీ. పాపం, వాళ్లు ఎంత దూరం నుంచి వచ్చారో," అంది కళ్లు తెరవకుండానే.

మర్నాడు అతను వాకిట్లో తాళ్లు చుడుతుంటే, లోపల ఆమె పక్కింటావిడతో చెబుతున్న మాటలు వినిపించాయి. "ఇసుక ఎంత తెల్లగా ఉందనుకున్నావ్! మూడో దీవిలో అయితే జలపాతం కూడా ఉంది."

అక్కడ జలపాతమే లేదు.

పక్కింటావిడ బయటికొస్తూ, "వదిన అదృష్టవంతురాలు అన్నయ్యా. నిజంగా అంత పెద్ద జలపాతమా?" అంది.

"అవునమ్మా," అన్నాడు. ఆమె ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే తీసుకెళ్లి ఉంటే అనుకుంటూ, చుట్టిన తాడునే విప్పి మళ్లీ చుట్టాడు.

రెండు నెలలకు ఆమె పోయింది. తర్వాతి వారం అతను మళ్లీ పనిలోకి వెళ్లాడు గానీ, దీవుల దగ్గర పడవ దిగడం మానేశాడు. ఎవరైనా రమ్మంటే, "మీరు చూసి రండి, నేనిక్కడే ఉంటా" అంటాడు.