రైలు కుట్టని కాలర్లు

మా ఆడపడుచును కుట్టు ఫ్యాక్టరీలో అందరూ రైలు అంటారు. మిషను ముందు కూర్చుందంటే మధ్యలో ఆగదు. పన్నెండేళ్లుగా చొక్కా కాలర్లే కుడుతోంది. నోరూ అంతే, సూపర్‌వైజరుకైనా మాట పడనివ్వదు.

టీకాలు ఫ్యాక్టరీలోనే వేశారు. నేనూ వేయించుకున్నాను, నా పిల్లలకూ వేయించాను. టీకా మీద నాకేం కోపం లేదు. మా ఆడపడుచుకు మాత్రం వేసినవాడు హడావిడిగా, భుజం కీలు మీదే పొడిచాడు. మర్నాటికి కుడిచెయ్యి లేవలేదు. సూది పడకూడని చోట పడి కీలు దెబ్బతిందని డాక్టరు కాగితం రాసిచ్చాడు.

రోజుకు రెండొందల కాలర్లు తేలకపోతే పనిలోంచి తీసేస్తారు. అందుకని అదే లైనులో కుట్టే మేం నలుగురం తలా యాభై ఎక్కువ కుట్టి, దాని పేరు చీటీలు కట్టి, దాని బుట్టలో వేశాం. అది ఎడంచేత్తో దారాలు కత్తిరిస్తూ కూర్చునేది. మా లైనులో ఎవరికి జ్వరమొచ్చినా ఇదే పద్ధతి. ఈసారి నెలల తరబడి సాగింది.

టీకా వల్ల చెయ్యి పోయిందని సర్కారుకు దరఖాస్తు పెట్టించాను. నష్టపరిహారం ఆఫీసరు డాక్టరు కాగితం పక్కన పడేసి, ఫ్యాక్టరీవాళ్లు పంపిన ఆ చీటీలు ముందేసుకున్నాడు. రోజూ రెండొందలు కుట్టిన చెయ్యి పడిపోయిందంటే ఎవరు నమ్ముతారమ్మా అన్నాడు. దొంగను పట్టుకున్నట్టు ఆ నవ్వొకటి. నాకు ఒళ్లు మండిపోయింది.

నిజం రాసిచ్చేస్తానన్నాను. అది కస్సుమంది.

"నోరుమూసుకో వదినా. నా ఒక్క చెయ్యి పోయింది చాలు, నలుగురి నోటి దగ్గర కూడు తీస్తావా?"

నేను వినలేదు. మిగతా ముగ్గురి ఊసెత్తకుండా, రోజుకు యాభై నేను కుట్టానని సంతకం పెట్టిచ్చాను. ఫ్యాక్టరీవాళ్లు దొంగలెక్క రాశానని నన్ను ఆ వారమే గెంటేశారు. దాన్ని తీసేస్తే, తమ దగ్గర వేసిన టీకాకే చెయ్యి పోయిందని ఒప్పుకున్నట్టవుతుందని, దాన్ని మాత్రం ఉంచారు. ఎంత తెలివో చూడండి!

ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. యాభై వదినగారు కుట్టారు కాబట్టి మిగతా నూటయాభై దరఖాస్తుదారే కుట్టారట. ముప్పాతిక పని చేసే చేతికి పరిహారం లేదట. వీళ్ల లెక్క తగలెయ్య! పేర్లు చెబితే ముగ్గురు రోడ్డున పడతారు, చెప్పకపోతే దాని చెయ్యి బాగానే ఉన్నట్టు.

రైలు ఇప్పటికీ పనికి వెళ్తోంది. బుట్టలో రోజూ రెండొందలు తేలుతున్నాయి. నా యాభై కూడా ఆ ముగ్గురే కుడుతున్నారు.